మెట్టెలు పెట్టుకుని బందరుకు

డ్రెస్ మెటీరియల్ మూట పట్టుకుని మంగళగిరి నుంచి బందరుకు చాలాసార్లు వెళ్ళాను. ఈసారి మూట లేదు. మా తమ్ముడి కూతురు నీలిమ ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, సెలవుల్లో ఇంట్లో మగ్గం మీద కూర్చుంటుంది. పోయిన వారం నేస్తూ నేస్తూనే పక్కకు ఒరిగిపోయింది. రక్తస్రావం మూడు వారాలుగా ఆగడం లేదని అప్పుడు గానీ బయటపడలేదు. మా ఇళ్ళలో నెలసరి రోజుల్లో ఆడపిల్ల మగ్గం ముట్టుకోదు. అన్ని రోజులు మగ్గానికి దూరంగా ఉంటే వీధిలో పది రకాలుగా చెప్పుకుంటారని, పిల్ల ఎవరికీ చెప్పకుండా నేస్తూ కూర్చుంది.

ఊళ్ళో చూపిద్దామంటే మా మరదలు ఒప్పుకోలేదు. "పెళ్ళికాని పిల్ల లేడీ డాక్టర్ దగ్గర కనిపిస్తే ఇంకేమన్నా ఉందా వదినా? అసలే సంబంధాలు చూస్తున్నాం," అంది. అందుకని బందరు. అక్కడా పెళ్ళికాని పిల్లకి ఇక్కడేం పనని ఎవరన్నా ఆరా తీస్తే ఎలాగని ఫ్యాన్సీ షాపులో ఒక నల్లపూసల గొలుసు, ఒక జత మెట్టెలు కొనుక్కొచ్చింది. "డాక్టర్‌తో కూడా పెళ్ళయిందనే చెప్పండి. అక్కడి నర్సులు ఏ ఊరివాళ్ళో ఏమో," అని మరీ మరీ చెప్పింది. నాకు చిరాకేసింది. కానీ ఆలస్యమయ్యేకొద్దీ పిల్ల ముఖం ఇంకా పాలిపోతోంది, వాదించే ఓపిక లేక సరేనన్నాను.

ఏడింటికి మంగళగిరిలో బస్సెక్కి విజయవాడ బస్టాండులో దిగాం. నీలిమ బాత్‌రూములోకి వెళ్ళి కొత్త పెళ్ళికూతురై వచ్చింది. ఒక మెట్టె బిగుతు, ఒకటి వదులు. కుంటుతూ నడిచింది. బందరు వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటే, బస్సు బస్టాండులోనే ఎక్కండి. బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కుదామనుకుంటే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. ఇడ్లీ పొట్లం విప్పితే నీలిమ ఒకటి తిని మిగతావి నా ఒళ్ళో పెట్టింది. నీళ్ళు తాగమంటే తాగదు. దారిలో దిగాల్సి వస్తుందని భయం. ఉయ్యూరు వచ్చేలోపు మరక పడిందేమోనని వెనక్కి తిరిగి డ్రెస్ ఎన్నిసార్లు చూసుకుందో!

ఉయ్యూరులో ఎక్కిన పెద్దావిడ మా పక్కన సర్దుకుని కూర్చుంది. చేతిలో బైబిల్, సంచిలో జామకాయలు. ఒక కాయ నీలిమ చేతిలో పెట్టి, మెట్టెల వంక చూసి, "పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా?" అంది.

"సంవత్సరమండీ," అన్నాను నేనే.

"ఏమన్నా విశేషమా?"

నీలిమ తల అడ్డంగా ఊపింది. ఆవిడ ముఖం నిజంగా చిన్నబోయింది. "బెంగ పెట్టుకోకు తల్లీ. ఆదివారం మా చర్చిలో నీకోసం ప్రార్థన చేయిస్తాను. నీ పేరేంటమ్మా?"

అబద్ధం చెబుతుందనుకున్నాను. "నీలిమండీ," అని నిజమే చెప్పేసి కిటికీ వైపు తిరిగింది. నాకు సిగ్గేసింది. పామర్రులో దిగేటప్పుడు కూడా ఆవిడ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మరీ వెళ్ళింది.

పదిన్నరకు బందరు. ఆటోలో నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి పేరు రాయించాం. వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరమ్మ మొదటి ప్రశ్న పెళ్ళి గురించే. సంవత్సరమైందని చెప్పాను. "పిల్లల కోసం చూస్తున్నారా?" అంది. మేం నీళ్ళు నమిలాం. ఆవిడ దాన్ని ఔననుకుంది. నెలసరి సరిగ్గా లేకపోతే గర్భం నిలవదని, మీ ఆయన్ని కూడా పరీక్షలకు తీసుకురమ్మని గబగబా చెప్పుకుపోతోంది. బయట ఇంకా చాలామంది ఉన్నారు. రక్తం ఎన్నాళ్ళుగా పోతోందన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఏ జబ్బు కోసం ఇంత దూరం వచ్చామో దాన్ని మా అబద్ధమే కప్పేసింది. ఇప్పుడు నిజం చెబితే అబద్ధమాడామని తెలిసిపోతుందని నేను పర్సు సర్దుకుంటూ కూర్చున్నాను.

అంతలో నర్సు పిలిచింది. "బాత్‌రూముకెళ్ళి రామ్మా, స్కానింగ్ లోపల్నుంచి తీస్తాం."

నీలిమ లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. డాక్టరమ్మ వైపు తిరిగి స్పష్టంగానే చెప్పింది. "నాకు పెళ్ళి కాలేదండీ. మూడు వారాల నుంచి రక్తం ఆగట్లేదు. కళ్ళు తిరిగి పడిపోయాను."

డాక్టరమ్మ రాస్తున్న కాగితం చింపేసింది. "ఈ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా? పెళ్ళికాని పిల్లకి ఆ స్కానింగ్ చెయ్యం," అని నా వైపు ఒక చూపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటి నుంచి అడిగింది. ఈసారి జవాబులన్నీ నీలిమే చెప్పింది.

పైనుంచి తీసే స్కానింగ్‌కి కడుపు నిండా నీళ్ళు తాగాలట. పొద్దుటి నుంచి గుక్క ముట్టని పిల్ల సీసాలకు సీసాలు తాగి, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది. నేనూ వెనకాలే తిరిగాను. మధ్యలో ఒకచోట ఆగి మెట్టెలు పీకి నా పర్సులో పడేసింది. వేలు ఎర్రగా కమిలిపోయింది.

మూడింటికి రిపోర్టులు వచ్చాయి. అండాశయాల్లో నీటిబుడగలు, ఒంట్లో రక్తం బాగా తక్కువ. "ఇంకొన్నాళ్ళు ఇట్లాగే దాచుకుంటే ప్రాణం మీదికొచ్చేది," అంది డాక్టరమ్మ. మాత్రలు రాసి, ఐరన్ ఇంజక్షన్లు మీ ఊళ్ళోనే చేయించుకోవచ్చని, సోమవారమే మొదలుపెట్టమని చెప్పింది. బయటికొచ్చి హోటల్లో భోజనం చేశాం. నీలిమ పెరుగు రెండోసారి వేయించుకుంది.

నాలుగున్నర బస్సుకు సీట్లు దొరికాయి. కాలవ పక్కన వరి చేలు, చెరువుల మీద ఎండ, అన్నీ ఎప్పుడూ చూసేవే. పామర్రు దాటాక ఫోన్ మోగింది. మా మరదలు.

"వదినా, తెలిసినవాళ్ళెవరన్నా కనిపించారా?"

ఒళ్ళు మండిపోయింది. "ముందు పిల్ల ఎట్లా ఉందో అడగవే!" అని అరిచాను. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. నీలిమ ఫోన్ తీసుకుని మా ఇద్దరి చెవుల మధ్య పెట్టింది.

"అమ్మా, డాక్టర్‌గారికి నిజం చెప్పేశాను. నాకు రక్తం బాగా తక్కువుందంట. సోమవారం నుంచి మన ఊళ్ళోనే ఇంజక్షన్లు చేయించుకోవాలి."

అటునుంచి వినిపిస్తున్న మగ్గం చప్పుడు ఆగింది. తిట్లు మొదలవుతాయనుకున్నాను.

"నాకూ ఇట్లాగే అయ్యేదమ్మా, నీ వయసులో," అంది మరదలు నెమ్మదిగా. "ఇప్పుడూ అవుతానే ఉంది. ఎవరితో చెప్పను?"

తను మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ రోజూ తన చేతి కాఫీ తాగుతున్నాను. ఆ పాలిపోయిన ముఖం చూసి, పుట్టుకతో వచ్చిన రంగే అంతనుకున్నాను. ఊళ్ళు తిరిగి లోకం చూసిన మనిషినని నాకు కాస్త గర్వం ఉండేది. ఆ క్షణాన ఏడుపొచ్చింది.

"అయితే సోమవారం నువ్వు కూడా రా. ఇద్దరం చూపించుకుందాం," అంది నీలిమ.

"నలుగురూ చూస్తారే."

"చూడనీ అమ్మా."

లైను తెగిందేమోనని నీలిమ ఫోన్ వంక చూసింది. అప్పుడు వినిపించింది మా మరదలి గొంతు.

"ఎన్నింటికి పోవాలంట?"