ఇంటికి నడిచిన కోటు

ఈరవ్వ ఏ బట్ట మీదైనా ఇస్త్రీపెట్టె ఆనించే ముందు రెండు పనులు చేస్తుంది. జేబులు బయటికి తిప్పి చూస్తుంది. తర్వాత ఆ బట్ట ఎవరిదో వాళ్ల పేరు మెల్లగా పలుకుతుంది. "డాక్టరమ్మది." "పోస్టు సారుది." "కిరాణం షావుకారి చిన్నకొడుకుది." పెదవులు కదులుతాయి తప్ప పక్కవాళ్లకు సరిగా వినపడదు. కంఠేశ్వర్‌లో ఆమె బల్ల దగ్గర నిలబడి ఎదురుచూసేవాళ్లు అది లెక్క తప్పకుండా ఉండడానికి అనుకుంటారు. నేనూ చాలా రోజులు అట్లాగే అనుకున్నాను. కానీ లెక్కకు ఆమెకు జీడిగింజ గుర్తులున్నాయి. కాలరు లోపల జీడిరసంతో పెట్టిన చుక్కా గీతా ఎన్ని ఉతుకులకూ పోవు. అక్షరం రాని ఈరవ్వ వాటిని చూసే ఏ ఇంటి బట్టో చెప్పేస్తుంది.

పేరు పలకడం బోధన్‌లో మొదలైన అలవాటు.

అప్పట్లో ఆమె చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లకు అవతల, కాలువ కట్టకు దగ్గరలో ఉండేది. పెనిమిటి చనిపోయాక ఆయన బట్టలు ఉతికిన ఇళ్లన్నీ ఆమె చేతికే వచ్చాయి. చెరకు ఆడే నెలల్లో పొగగొట్టం నుంచి సన్నటి మసి రాలుతూ ఉండేది. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన తెల్లబట్టలన్నీ మళ్లీ నీళ్లలో వేయాల్సిందే. అందుకని ఆమె పొద్దంతా దండేల దగ్గరే కాపలా ఉండేది. ఆ దండేల మధ్యనే, వేలాడే చీరల నడుమ, కాలనీ హైస్కూలు మగపిల్లలు డాన్సు నేర్చుకునేవాళ్లు.

పెద్ద క్లాసు పిల్లలకు ఏటా సెండాఫ్ అని వీడ్కోలు సభ జరిగేది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసర్ల ఇళ్లవాళ్లు పట్టుబట్టి అందులో ఒక డాన్సు పెట్టించారు. ఆడపిల్లలూ మగపిల్లలూ జంటలుగా ఆడాలి. హెడ్మాస్టరు చాలా ఆలోచించి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. చేతులు పట్టుకోకూడదు. చేతిరుమాలు ఒక కొస అమ్మాయి పట్టుకుంటే, ఇంకో కొస అబ్బాయి పట్టుకోవాలి. అబ్బాయిలకు కోటు, టై, బూట్లు ఉండాలి. కోటు లేనివాడు నీళ్లు అందించే వాళ్లతో నిలబడాలి.

డాన్సు పెట్టిన మొదటి ఏడాది పిల్లలకు అడుగులు నేర్పినవాడు మాధవ్. ఫ్యాక్టరీ లాబొరేటరీలో పనిచేసేవాడు. పుణేలో చదువుకున్నాడు. పెళ్లి కాలేదు. తల్లి రాధాబాయితో క్వార్టర్ల చివరి ఇంట్లో ఉండేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి, తెల్ల అంగీతోనే దండేల మధ్యకు వచ్చి "ఏక్, దో, తీన్" అంటూ చప్పట్లు కొట్టేవాడు. అతనికొక నల్ల కోటు ఉండేది. దాన్ని క్లబ్బుకు పోయేటప్పుడే వేసుకునేవాడు కాబట్టి పిల్లలెవరూ చూడలేదు. ఈరవ్వ చేతికి మాత్రం అది నెలకోసారి వచ్చేది.

వానాకాలంలో ఒక సాయంత్రం మాధవ్ కాలువ కట్ట మీద షికారుకు పోయి తిరిగి రాలేదు. కట్ట మీద అతని చెప్పులు పక్కపక్కన విడిచి ఉన్నాయి. ఎంత వెదికినా మనిషి దొరకలేదు. అప్పటికి నల్ల కోటు ఈరవ్వ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది, ఇస్త్రీ అయి.

అతను పోయిన వారానికి రాధాబాయి గడపలో వచ్చి నిలబడింది.

"ఈరవ్వా, మాధవ్ కోట్ అయిందా?"

ఈరవ్వ వెనక్కి తిరిగితే కోటు చేతికందేంత దూరంలో ఉంది. అయినా ఆమె నోరు "రేపిస్త బాయీ" అంది.

ఎందుకట్లా అన్నదో ఈరవ్వ నాకు వివరంగా చెప్పింది. ఆ ఊళ్లో మనిషి పోతే వాళ్లు కట్టి విడిచిన బట్టలు చాకలికి ఇచ్చేస్తారు. అవి ఇంటి నుంచి చాకలి దగ్గరికి వస్తాయి. చాకలి దగ్గరి నుంచి ఇంటికి పోవు. కోటు తిరిగి ఇస్తే మాధవ్ బతికే ఉన్నాడని చెప్పినట్టు. ఇయ్యనంటే చచ్చిపోయాడని చెప్పినట్టు. శవం కూడా కంటపడని తల్లికి ఈ రెండింట్లో ఏ మాట చెప్పడానికైనా తను ఎవరు? అందుకే రేపు. మరునాడు రాధాబాయి మళ్లీ వచ్చింది. "రేపిస్త బాయీ." వానలు పోయాయి, చలి వచ్చింది, ఫ్యాక్టరీ చెరకు ఆడడం మొదలుపెట్టింది. రాధాబాయి రావడం మానలేదు. ఈరవ్వ రేపు అనడం మానలేదు.

సెండాఫ్ దగ్గర పడుతుంటే పిల్లలు తమంతట తామే దండేల మధ్య చేరారు. చప్పట్లు కొట్టేవాడు లేడు. సగంమంది తలకు తువ్వాల చుట్టుకొని ఆడపిల్లలయ్యారు. ఇంటి నుంచి తలకింది మెత్తలు తెచ్చుకొని వాటితో జోడీ కట్టి తిరిగినవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్ల బూట్ల ముక్కుల్లో కాగితాలు కుక్కారు. ఒకే టైని అందరూ మార్చి మార్చి కట్టి దాని ప్రాణం తీశారు. వాళ్లందరిలోకీ అడుగు పడనివాడు దేవిదాస్. తల్లి ముత్తవ్వ బీడీలు చుట్టి చదివించుకుంటోంది. అతనికి జోడీగా తువ్వాల చుట్టుకున్నవాడు రాజమల్లు.

"ఇంకోపారి నా కాలు తొక్కినవంటె నేను పుట్టింటికి పోత" అన్నాడు రాజమల్లు.

"నువ్వు పోరి లెక్క ఉంటె సక్కగనే ఆడుత. నీ మీసం సూస్తె అడుగు తప్పుతున్నది."

"రేపు నీతోని ఆడే పోరి సుత నిన్ను సూసి రుమాలు ఇడిసిపెట్టి ఉరుకుతది తియ్యి."

ఈరవ్వ చీరల వెనక నుంచి నవ్వింది. "ఆడుండ్రి గని, ఆ దండెం తెంపిండ్రంటె అందరితోని బట్టలు పిండిపిస్త."

కోట్లన్నీ ఆమె దగ్గరి నుంచే పోవాలి. ఆఫీసర్ల ఇళ్ల నుంచి ఉతుక్కు వచ్చినవి ఒక్కపూట పిల్లలకు ఇవ్వడం ఊరందరికీ తెలిసినదే, పైకి ఎవరూ అనరు. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ అది ఎవరి కోటో చెప్పేది. "ఇది ఇంజనీరు సారుది. గోడకు ఆనకు. పాన్ తినకు." పేరు తెలిస్తే భయం ఉంటుందని.

సెండాఫ్ రోజు పొద్దున, దేవిదాస్‌కు అనుకున్న కోటును దాని యజమాని మనిషిని పంపి తెప్పించుకున్నాడు. కాసేపటికి ముత్తవ్వ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"పోరడు ముద్ద ముడుతలేడు, ఈరక్కా. అందరు ఆడుతుంటె నేను నీళ్లు పోసుకుంట నిలబడాల్నా అని గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. ఒక్క పూట. ఏదన్న ఉంటె ఇయ్యరాదు."

ఈరవ్వ లేదని చెప్పబోయింది. ముత్తవ్వ చూపు మేకు మీది నల్ల కోటు దగ్గర ఆగిపోయింది.

మధ్యాహ్నం దేవిదాస్ వచ్చి కోటు తొడుక్కున్నాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. చేతులు జేబుల్లో పెట్టి వెంటనే తీసేశాడు.

"జేబు తడిగున్నదక్కా."

ఈరవ్వ తన చెయ్యి పెట్టి చూసింది. పొడిగానే ఉంది. "నీ చెయ్యే చెమటవట్టింది. బుగులువడకు. డాన్సు కాంగనే సక్కగ నా తాన్కి రా. క్వార్టర్ల దిక్కు మాత్రం పోకు, బిడ్డా."

ఎవరి కోటో ఆ ఒక్కడికి మాత్రం చెప్పలేదు.

ఎండ తగ్గే వేళకు డాన్సు మొదలై, పొద్దు గుంకక ముందే అయిపోయింది. రాజమల్లు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దేవిదాస్ వచ్చిండా అక్కా?"

"నీతోని లేడా?"

"నాకంటె ముందల్నే ఎల్లిండు. అక్కా, వాడు ఒక్క అడుగు తప్పలే. ఒక్కటంటె ఒక్కటి తప్పలే. సార్లందరు వాన్నే సూసిండ్రు. లోపల్లోపల లెక్కవెట్టుకుంటుండు, ఏక్ దో తీన్ అని. అయినంక నేను పిలిస్తె పలుకలే. ఇంటికి పోతున్న అన్నడు, గటు పోయిండు."

"ఎటు?"

రాజమల్లు చేయి చూపించాడు. ముత్తవ్వ ఇల్లు ఊరి వైపు. వాడు చూపించింది కాలువ కట్ట వైపు.

"నువ్వు పోయి ముత్తవ్వను పిల్సుకరా. ఉరుకు." ఈరవ్వ కొంగు బిగించి కట్ట ఎక్కింది.

ఇంకా కొంచెం వెలుతురుంది. కట్ట మీద కాగితాలు కుక్కిన బూట్లు పక్కపక్కన విడిచి ఉన్నాయి. ఈరవ్వ నీళ్ల వైపు చూసింది. నీళ్ల మీద మసి ఒక పొరలాగా తేలుతూ మెల్లగా పోతోంది. ఆ పొర ఎక్కడా చెదరలేదు. ఆమె ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. తర్వాత కింద చూసింది. నేల మీద పరుచుకున్న మసిలో ఉత్తకాళ్ల గుర్తులు కట్ట దిగి పోతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా. అవి క్వార్టర్ల చివరి ఇంటి గుమ్మం దాకా పోయాయి.

తలుపు తెరిచే ఉంది. లోపల దీపం ముందు పీట మీద నల్ల కోటుతో కూర్చుని ఉన్నాడు, గుమ్మానికి వీపు పెట్టి. రాధాబాయి జొన్నరొట్టె తుంచి పళ్లెంలో వేస్తోంది.

"రా ఈరవ్వా" అంది తలెత్తకుండా. "మాధవ్ వచ్చిండు. నువ్వు రేపు రేపంటివి. వాడే పోయి తెచ్చుకున్నడు."

"దేవిదాస్" అని పిలిచింది ఈరవ్వ.

అతను తినడం ఆపలేదు.

"దేవిదాసూ, మీ అవ్వ ఎదురుసూస్తున్నది. లే బిడ్డా."

"మాధవ్" అంది రాధాబాయి, ఊరికే, పేరు పలకాలని.

"ఆఁ ఆయీ" అన్నాడతను.

దేవిదాస్ సంతలో నాలుగు మరాఠీ ముక్కలు నేర్చినవాడే, అమ్మను ఆయీ అంటారని తెలిసినవాడే. కానీ ఆ గొంతు తను ఎరిగిన దేవిదాస్ గొంతు కాదని ఈరవ్వ అంటుంది. వెనక కట్ట మీద ముత్తవ్వ కేక వినపడుతోంది, కొడుకు పేరు పెట్టి. ఈరవ్వకు కోటు పట్టి గుంజేయాలనిపించింది. చేయి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. గుంజుకుంటే వచ్చేది కాదది. ఆ ఇంటి మనిషి తన చేత్తో ఇవ్వాలి.

ఆమె గడప బయటే కూర్చుని, ఒకప్పుడు వారం వారం అడిగిన మాటే అడిగింది.

"ఇడిసిన బట్టలున్నయా, బాయీ?"

రాధాబాయి చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది. మాధవ్ పోయినప్పటి నుంచి ఈరవ్వ ఆ గుమ్మంలో ఆ మాట అడగలేదు.

"కోటు మీద మసి పడ్డది. ఇయ్యి."

"ఉతికి మల్ల ఇస్తవా?"

ఇన్ని నెలలు నాలుక మీదే ఉన్న "రేపిస్త" మళ్లీ బయటికి రాబోయింది. ఈరవ్వ దాన్ని మింగింది.

"మల్ల ఇయ్యను, బాయీ."

రాధాబాయి చాలాసేపు పీట మీది వీపు వైపు చూసింది. తర్వాత లేచి, చిన్నపిల్లవాడికి తీసినట్టు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి, కోటు విప్పింది. ఉతుక్కు వేసేటప్పుడు ఎప్పుడూ చేసినట్టే జేబులు బయటికి తిప్పింది. ఇంత సన్నటి ఇసుక నేల మీద రాలింది. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. కోటు మడిచి, గుమ్మం దాకా వచ్చి, ఈరవ్వ ఒడిలో పెట్టింది.

"మాధవ్‌ది" అంది.

పీట మీదున్నవాడు ఇటు తిరిగాడు. పళ్లెం చూశాడు, గోడలు చూశాడు.

"ఈరక్కా, ఇదెవలిల్లు?"

ముత్తవ్వ అతన్ని చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఇంటికి పోయాక రెండు రోజులు పస్తున్నవాడిలాగా తిన్నాడట. ఆ సాయంత్రం గురించి అతనికి గుర్తున్నది ఒక్కటే, రుమాలు కొస చల్లగా ఉండడం. దేవిదాస్ ఇప్పుడు మాక్లూర్ దగ్గర టీచరు. బడిలో పిల్లలకు డాన్సులు పెట్టినప్పుడు సెలవు పెడతాడు.

రాధాబాయి ఆ నెలలోనే కొడుకు పేరున చేయవలసినవి చేయించి, నాందేడ్‌లోని తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. పోయేముందు మాధవ్ అంగీలు, ధోతులు అన్నీ మూటకట్టి ఈరవ్వకు ఇచ్చింది. ప్రతిదానికీ జేబు చూసి, పేరు చెప్పి ఇచ్చింది. ఈరవ్వ వాటిని అవసరమైన వాళ్లకు పంచేసింది. నల్ల కోటు ఎవరికీ ఇవ్వలేదు. కుట్లు విప్పి, నాలుగు మడతలు వేసి, ఇస్త్రీ బల్ల మీద దుప్పటి కింద పరిచింది.

ఈరవ్వ ఇప్పుడు కూతురు దగ్గర కంఠేశ్వర్‌లో ఉంటోంది. బల్ల అదే. పై దుప్పటి ఒక్కటే ఏడాదికొకసారి మారుస్తుంది.