కిటికీ ఫిల్మూ, సోలెడు వడ్లూ

పడమటి గోడకు నిలువెత్తు అద్దాలు పెట్టించుకుని, ఆ తరువాత ఆ అద్దాలకు నల్లని ఫిల్మ్ అంటించుకునే బుద్ధి ఎవరికి మొదట పుట్టిందో నాకు తెలియదు. సారపాకలో మాత్రం ఆరేడేళ్లుగా దాన్ని కళ్లారా చూస్తున్నాను. మా వీధిలో ఇరవై మూడు ఇళ్లు. వాటిలో పదకొండింటికి పడమర వైపు నాలుగడుగులకు తగ్గని అద్దాల కిటికీలున్నాయి. ఆ పదకొండింటిలో తొమ్మిదింటి ముందు పూర్వం వేపో కానుగో ఉండేది. ఆకు రాలి వాకిలి పాడవుతోందని కొట్టేశారు. ఆకు ఊడ్చే ఓపిక లేనివారికి అద్దాలు తుడిచే ఓపిక ఎక్కడి నుంచి వస్తుందని ఒకరిద్దరిని అడిగాను. నవ్వి ఊరుకున్నారు. నవ్వు సమాధానం కాదు.

వారిలో నేను లేనని చెప్పుకునే అర్హత నాకు లేదు. పదకొండో ఇల్లు మాది. మేడమీది గదికి పడమర వైపు మూడు అద్దాల కిటికీ పెట్టించినవాణ్ణి నేనే. కట్టిన నాడు ఎదుటి ఖాళీ జాగాలో రెండు కానుగ చెట్లుండేవి. సాయంత్రపు వెలుగు వాటి ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చేది. నిరుటి కార్తీకంలో జాగా యజమాని వాటిని కొట్టించి, సిమెంటు బస్తాలు దాచుకోవడానికి రేకుల షెడ్డు వేశాడు. రేకులు కొత్తవి. నేరుగా పడే ఎండను మా చజ్జా నాలుగున్నర దాకా ఆపుతుంది గానీ, మూడు దాటగానే ఆ రేకుల మీద పడిన వెలుగు ఎగిరి వచ్చి మా కిటికీలో దూరేది. ఆయనను అడిగాను.

"చెట్టు నా జాగల ఉండె, కొట్టిన. ఎండ మీ ఇంట్ల పడ్డది. నన్నేం జేయమంటరు పెద్దసారూ?" అన్నాడు.

తర్కంలో తప్పు లేదు. మనిషిలో ఉంది.

నేను ముప్పై నాలుగేళ్లు కాగితపు మిల్లు ల్యాబ్‌లో పనిచేశాను. లారీల మీద వచ్చే జామాయిల్ కర్రలోనూ వెదురులోనూ తేమ ఎంతో తేల్చడం నా ఉద్యోగం. "ఎండిన కర్ర సార్, దేవుని తోడు" అని ప్రతి లారీవాడూ ప్రమాణం చేసేవాడు. నేను దేవుణ్ణి నడుమకు రానిచ్చేవాణ్ణి కాను. ముక్క కోసి తూచి, ఆరబెట్టి, మళ్లీ తూచేవాణ్ణి. ప్రమాణాలన్నీ ఆ రెండు తూకాల మధ్య తేలిపోయేవి. తేదీ, అంకె లేని మాటను నమ్మకపోవడం నాకు అలా అలవాటైంది.

మేడమీది కిటికీ పక్క కుర్చీ నా భార్యది. పుష్యమాసంలో ఖమ్మంలో ఆమె కుడికంటి శుక్లం తీశారు. ఫిబ్రవరి ఇరవై నాలుగున మా వీధి టీచరమ్మ వచ్చింది. అంగన్‌వాడీలో పనిచేసి మానుకున్న మనిషి. భద్రాచలంలో రాములవారి కల్యాణానికి గోటి తలంబ్రాలు పంపే పదిమంది ఆడవాళ్లకు ఆమే పెద్ద. ఆ బియ్యానికి రోలూ రోకలీ మరా తగలకూడదు. ఒక్కొక్క వడ్లగింజనూ గోటితో ఒలిచి, విరగని గింజలనే ఏరి ఇవ్వాలి. మనిషికి సోలెడు వడ్లు ఇస్తారు. తిరిగి అరసోల నిండా బియ్యం రావాలి.

"అక్కా, కంటికి ఆపరేషనైంది. ఈ ఏడు వద్దనుకుంటే వద్దని చెప్పు. నేనేం అనుకోను," అంది టీచరమ్మ.

"ఎందుకొద్దంట? పదకొండేండ్ల సంది ఇస్తున్న. నా గింజ లేకపోతే రాముడు ఊకుంటడేమో గానీ, నేనూకోను."

"ఇరిగిన గింజ ఒక్కటి ఉండొద్దు మరి."

"నాకు జెప్తున్నవా?"

అప్పగించవలసిన రోజు మార్చి ఇరవై ఎనిమిది. నేను నూరు వడ్లగింజలు లెక్కపెట్టి తూచి, మొత్తాన్ని తూచి, భాగించాను. పదకొండు వేల రెండు వందలు, కొంచెం అటూ ఇటూగా.

"దేవుని వడ్లు తూచుడేందండీ?" అంది నా భార్య.

"తూచకపోతే ఎన్నాళ్లు పడుతుందో ఎలా తెలుస్తుంది? రోజుకు మూడు వందల యాభై ఒలవాలి. లేకపోతే తేదీకి అందవు."

ఆమె మధ్యాహ్నం వంట సర్దుకుని, రెండున్నరకు కూర్చుని అయిదున్నరకు లేచేది. మార్చి మొదటి వారంలో మూడు మాటలు చెప్పింది. పొద్దు వాలితే కిటికీ దగ్గర కూర్చోలేకపోతున్నానంది. పరదా వేసి దీపం పెట్టుకుంటే తన నీడే గింజ మీద పడుతోందంది. దవాఖానాలో ఇచ్చిన నల్ల అద్దాలు పెట్టుకుంటే వడ్లూ బియ్యమూ ఒక్కతీరే కనబడుతున్నాయంది. మూడూ విన్నాను. ఒక్కటీ రాసుకోలేదు, వాటిలో అంకె లేదు గనుక. ఎండాకాలం, ఉక్క అందరికీ ఉన్నదే అనుకున్నాను.

టీచరమ్మ ఇంట్లో ఫిల్మ్ చూసి వచ్చి, దాన్ని వేసే మనిషిని నా భార్యే పిలిపించింది. ఖమ్మం నుంచి బండి మీద వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో ఒక పెట్టె, పెట్టెలో ఎర్ర బల్బు, బల్బు ముందు రెండు అద్దం ముక్కలు.

"చెయ్యి పెట్టి చూడండి సార్. గిది ఉత్త అద్దం. కాలుతుందా? ఇగో, గిది మన ఫిల్మ్ ఏసింది. సల్లగ లేదా? డెబ్బై శాతం వేడి కట్ సార్!"

"దేనిలో డెబ్బై శాతం?"

"వేడిల సార్."

"ఏ వేడి? గదిదా, అద్దానిదా, నీ బల్బుదా?"

"మొత్తం వేడి సార్."

"మా గది మూడింటికి ముప్పై ఆరు డిగ్రీలు. నువ్వన్నట్టు డెబ్బై శాతం తీసేస్తే మిగిలేది పదకొండు. మాకు రగ్గులు కూడా నువ్వే తెస్తావా?"

"రగ్గులు పెట్టెల ఉన్నయి గానీ, నువ్వు ఎయ్యి నాయనా," అంది నా భార్య.

"అమ్మకు సమజైంది సార్," అని వాడు సబ్బునీళ్లు కలుపుకున్నాడు. అద్దం తడిపి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పట్టీతో బుడగలన్నీ అంచులకు నెట్టి, మూడు అద్దాలూ గంటన్నరలో ముగించాడు. పని శుభ్రంగా చేశాడు, అది ఒప్పుకుంటాను. ఆ రోజు మార్చి పది.

ఏటా ఎండాకాలంలో గది వేడి కొలవడం నాకు ఉన్నదే గనుక, ఫిల్మ్ వేయడానికి ముందు పది రోజులూ, వేసిన తరువాత పది రోజులూ ఒకే తీరుగా కొలిచాను. ఒక థర్మామీటర్ గదిలో, ఇంకొకటి ఉత్తరపు వసారా నీడలో. ఒంటిగంటకు, మూడింటికి, అయిదింటికి. అంకెలను రోజువారీ క్యాలెండర్ నుంచి చించిన కాగితాల వెనుక వేసుకోవడం నాకు అలవాటు. ఆ కాగితాలు మాయమవసాగాయి.

"నేనే తీస్తున్న. పనికొస్తున్నయి," అంది నా భార్య. చిరాకుపడి నోటుబుక్కు కొనుక్కుని, పోయిన అంకెలు నోటికి వచ్చినవే గనుక వాటినీ అందులో ఎక్కించాను.

మార్చి ఇరవై రాత్రి భోజనానికి ముందే లెక్క తేల్చాను. నీడకూ గదికీ ఉన్న తేడా సగటున ఒకటి పాయింట్ మూడు డిగ్రీలు తగ్గింది. డెబ్బై శాతం కాదు, డెబ్బై శాతానికి దూరపు చుట్టం కూడా కాదు. వెంటనే ఆ మనిషికి ఫోన్ చేశాను.

"ఒకటి పాయింట్ మూడు డిగ్రీలయ్యా!"

"తగ్గింది గద సార్!"

"వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లితే ఇంతకు రెట్టింపు తగ్గేది."

"అయితే తడకనే కట్టుకోండి సార్," అని పెట్టేశాడు.

మాట తప్పిన సరుకును ఇంట్లో ఉంచుకోవడం నాకు చేతకాదు. తేమ కర్రను యార్డులో దించనివ్వని వాణ్ణి, ఈ అబద్ధాన్ని నా అద్దానికి అంటించుకుని ఎలా తిరగను? మర్నాడు నా భార్య టీచరమ్మను తోడు తీసుకుని కంటి పరీక్షకు ఖమ్మం వెళ్లింది. నేను వేణ్ణీళ్లూ బ్లేడూ పట్టుకుని మేడ ఎక్కాను. దక్షిణపు అద్దంతో మొదలుపెట్టాను. ఫిల్మ్ పీలికలుగా వచ్చింది, జిగురు మచ్చలుగా మిగిలింది. ఒక్క అద్దానికే రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది, బొటనవేలు తెగింది. మిగిలిన రెండూ రేపు చూద్దామని దిగాను.

సాయంత్రం వచ్చి ఆమె చూసింది.

"ఏందిది?"

నోటుబుక్కు తెరిచి ఇరవై రోజుల అంకెలూ చదివి వినిపించాను. చివరిదాకా నిలబడి విన్నది.

"అవ్. అంకెలు మీయి, నిజమే ఉంటయి," అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. వాదించలేదు. వాదించనివారు ఓడినట్టేనని ఆ రోజు నేను తృప్తిపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే ఆ తృప్తి మీదనే నాకు ఎక్కువ రోత.

ఇరవై రెండో తేదీ నాలుగింటికి మళ్లీ బ్లేడుతో మేడ ఎక్కాను. ఆమె టీ పెట్టడానికి కిందికి దిగింది. కుర్చీ ఉండవలసిన చోట లేదు. మూడేళ్లుగా దాని కాళ్లు నేల మీద నాలుగు గుర్తులు వేశాయి. ఆ గుర్తులు ఖాళీగా ఉన్నాయి. టేపు పెట్టి చూశాను. కుర్చీ ఉత్తరానికి ముప్పై ఒక్క అంగుళాలు జరిగింది. నేను ఒలిచిన అద్దం నుంచి సరిగ్గా ఫిల్మ్ మిగిలిన అద్దాల వెనక్కి. ఒలిచిన అద్దం ముందు నిలబడ్డాను. ఎదుటి రేకులు తళుక్కున కంట్లో పొడిచాయి. శుక్లం తీయని నా కళ్లే మూసుకుపోయాయి. ఒక అడుగు పక్కకు జరిగితే అవే రేకులు మామూలు రేకులు.

కిటికీ గట్టు మీద బియ్యపు గిన్నె, వడ్ల గిన్నె, వాటి పక్కన ఒక బిస్కట్ డబ్బా ఉన్నాయి. డబ్బాలో నా క్యాలెండర్ కాగితాలు పొట్లాలై ఉన్నాయి. ఏ రోజు విరిగిన గింజలను ఆ రోజు కాగితంలోనే కట్టింది. దేవుడి కోసం ఒలిచిన గింజ నేల పాలు కాకూడదని, కల్యాణం నాడు పరమాన్నంలో వేయడానికి దాచుకున్నది. తేదీ పైన అచ్చై ఉంది. గింజలు లోపల ఉన్నాయి. అంతకంటే నమ్మదగిన నమూనా ముప్పై నాలుగేళ్లలో నా బల్ల మీదికి రాలేదు.

నేల మీద కూర్చుని లెక్కపెట్టి, ఒక్కొక్క కాగితం మీద అంకె వేశాను. మార్చి రెండు: నూట నాలుగు. మార్చి మూడు: తొంభై ఏడు. మార్చి తొమ్మిది: నూట పదకొండు. ఒలిచినవి మూడు వందల యాభై. అందులో దాదాపు మూడో వంతు గోటికింద చూపు తప్పి విరిగినవే. ఫిల్మ్ వేసిన మర్నాడు, మార్చి పదకొండు: పంతొమ్మిది. ఆ తరువాత ఏ పొట్లమూ ఇరవై దాటలేదు. ఇరవై ఒకటికి పొట్లం లేదు, ఆ రోజు ఖమ్మంలో ఉంది. ఇరవై రెండో తేదీ కాగితం ఇంకా మడవలేదు. అందులో అప్పటికే నలభై ఒకటి. కుర్చీ జరపకముందువి.

మొదటి పదిహేను రోజుల తీరే సాగి ఉంటే అరసోల నిండేది కాదని గుణించడానికి కాగితం కూడా అక్కరలేకపోయింది. తేమ చూడవలసిన కర్రకు పొడుగు కొలిచి, లారీని వెనక్కి పంపినవాణ్ణి నేను. అలాంటి పని కింది ఉద్యోగి చేసి ఉంటే ఆ రోజే సంజాయిషీ అడిగేవాణ్ణి.

ఆమె టీ గ్లాసులతో పైకి వచ్చింది.

"ఏం లెక్కవెడుతున్నరు?"

"విరిగినవి."

"అవి గూడనా!"

"కంటి మాట నాకు ఎందుకు చెప్పలేదు?"

"మూడుసార్లు చెప్పిన."

సరిగ్గా మూడే.

"కూసోలేకపోతున్న అన్న. ఎందుకని మీరడగలే. రేకుల మెరుపు కంట్ల గుచ్చుతుందండీ. వేడి మాట నేనెప్పుడన్నన? వేడి పిచ్చి మీదీ, ఆ బల్బు పెట్టె ఆయనదీ."

బ్లేడును గట్టు కింద పెట్టేశాను. ఆ రాత్రీ మర్నాడూ దక్షిణపు అద్దం మీది జిగురు గీకుతూ గడిపాను. ఖమ్మానికి ఫోన్ చేస్తే, ఒక్క అద్దానికి అంత దూరం ఎవరొస్తారని బెట్టుచేసి, చివరికి ఇరవై నాలుగున వచ్చాడు.

"ఏమాయె సార్, తడక దొరకలేదా?"

"నీ డెబ్బై శాతం ఇప్పటికీ అబద్ధమే. ఈ అద్దానికి వెయ్యి."

"అబద్ధాన్ని రెండోసారి అడిగి ఏయించుకునేది ఈ జిల్లల మీరొక్కరే సార్."

"ఇంకో సంగతి. నీ పెట్టెలో ఆ బల్బు తీసెయ్. శుక్లం తీయించుకున్నవారి కళ్ల గురించి ఒక్క ముక్క చెప్పు. అది నిజం."

"అది ఎవరు కొంటరు సార్? అందరికీ సల్లదనమే గావాలె," అని బుడగలు నెట్టుకుంటూ పోయాడు. ఈ సంభాషణలో తెలివి ఎవరిదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇరవై నాలుగు: పద్దెనిమిది. ఇరవై అయిదు: పదహారు. ఇరవై ఆరు: పదకొండు. ఇరవై ఏడున సోలలో వడ్లు అయిపోయాయి.

ఇరవై ఎనిమిదిన టీచరమ్మ వరండాలో తెల్లబట్ట పరిచింది. పదిమందీ తమ తమ గిన్నెలతో వచ్చారు. నా భార్య బియ్యాన్ని అరసోలలో పోసింది. టీచరమ్మ పుల్లతో అంచు గీసింది. అరసోల నిండి, అంచు మీది నుంచి నాలుగైదు గింజలు బట్ట మీద పడ్డాయి. తరువాత ఆమె బియ్యాన్ని బట్ట మీద పలచగా పరిచి, వేలితో జరుపుతూ చూసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను, నోటుబుక్కు లేకుండా.

"అక్కా, రెండు ఇరిగినయి."

నా భార్య వంగి చూడను కూడా చూడలేదు.

"అవి నాయి గావు. మా సారువి. ఇరవై రెండో తారీఖువి."

పదిమందీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు సమాధానమే. నేను లోపలికి వెళ్లి, ఆ రెండు గింజలనూ ఇరవై రెండో తేదీ పొట్లంలో కలిపి, పైన వేసిన నలభై ఒకటిని కొట్టేసి, నలభై మూడు అని రాశాను.