తాతయ్య రికార్డులకు పట్టిన తెగులు

మా తాతయ్య రికార్డును అట్టలోంచి తీసేటప్పుడు చూడాలి. రెండు అరచేతుల మధ్య, అంచులు మాత్రమే ఆనేలా, అప్పుడే పుట్టిన బిడ్డను అందుకున్నట్టు అందుకుంటాడు. నల్లటి భాగానికి ఎవరి వేలైనా తగిలిందా, ఆ వేలు గల మనిషికి ఆ పూట టీ లేదు. నేను పుట్టినప్పుడు మాత్రం నన్ను నూనె డబ్బాలా చంకన ఇరికించుకున్నాడని నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

తాతయ్య ఉద్యోగమంతా రేకుల షెడ్డులో, లేత్ మెషిన్ ముందు గడిచింది. ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంటే దాని చప్పుడును బట్టే పనిముట్టు మొద్దుబారిందో లేదో చెప్పేవాడట. రిటైరయిన రోజు తోటివాళ్ళు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. పాటకు అడ్డం వస్తోందని ఇంటికి తెచ్చిన రోజే దాని టిక్కుటిక్కు ఆపేశాడు. అది ఇప్పటికీ గోడ మీద ఉంది, అలంకారానికి.

గదిలో ఒక గోడ మొత్తం రికార్డులే. ఇంత పిచ్చి ఎందుకు తాతయ్యా అంటే ఆయన దగ్గర ఒకే జవాబు ఉంది.

"ప్రతి రికార్డుకీ ఒక తల్లి ఉంటుందే పిడుగా. మిగతావన్నీ దాని అచ్చులే. ఆ తల్లిని లేత్ మీదే కోస్తారు. పాట ఊగుతుంటే పనిముట్టు ఊగుతుంది, గాడి పడుతుంది. అంటే ఏంటి? మా పనివాళ్ళు కోసిందే నువ్వు వింటున్నావు."

ఈ మాట వినీ వినీ విసుగెత్తని మనిషి ఒక్కరే, పక్క వీధి లెక్కల మాస్టారు. పాఠాలు చెప్పడం మానేసినా లెక్కలు మానలేదు. ఆదివారం మధ్యాహ్నం కాగానే చెప్పులు వాకిట్లో వదిలి, కుర్చీ లాక్కుని, పోట్లాటకు కూర్చునేవారు.

"మాస్టారూ, మీ ఫోనులో వచ్చేది పాట కాదు. పాట గురించి ఎవడో వేసిన లెక్క."

"ఆ లెక్క సెకనుకు నలభై నాలుగు వేల సార్లు వేస్తుంది మేస్త్రీ. మీ ముల్లు మీద కాస్త దుమ్ము పడితే పాటంతా జలుబే."

"అన్ని ముక్కలు కోసి మళ్ళీ అతికించారు, సరే. ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్నది ఎవడు తిన్నాడు?"

"ఎవడూ తినలేదు. రుజువు ఉంది. పలకా బలపం ఇస్తే వేసి చూపిస్తా."

"రుజువు చూడ్డానికి కాదు మాస్టారూ నేను కూర్చుంది. వినడానికి."

తీర్పు నాకు వదిలేవాళ్ళు. పదో తరగతి దాటని దాన్ని, ఫోన్లకు కవర్లు అమ్ముకునేదాన్ని, నాకేం తెలుసు? ఆ వారం బిస్కెట్లు ఎవరు తెస్తే వాళ్ళ పక్షం.

ఇలా సాగుతుండగా ఒక ఆదివారం తాతయ్య పాట మధ్యలో ముల్లు ఎత్తేశాడు. "మసగ్గా ఉంది," అన్నాడు. మసక అంటే చూపుకు కదా అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

మర్నాడే కొత్త ముల్లు వచ్చింది. రెండు రోజులు పొంగిపోయాడు, మూడో రోజు పెదవి విరిచాడు. తర్వాత ప్లేయరును తిప్పే బెల్టు మార్చాడు. ఆ తర్వాత తీగలు. ఆపైన అనుమానం కరెంటు మీదికి మళ్ళింది. ఫ్రిజ్ వల్ల కరెంటు మురికవుతోందని పాట వినే ముందు దాని ప్లగ్గు పీకేవాడు, మళ్ళీ పెట్టడం మరిచిపోయేవాడు.

"పాటకు మసక పడితే నా పాలు విరగాలా?" అని నాయనమ్మ గిన్నె తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

ఆయన వాసన కూడా చూడలేదు. ఒళ్ళో రికార్డు పెట్టుకుని, కిటికీ వెలుగులో గాళ్ళు వెతుకుతున్నాడు.

చివరికి ఆయనకు కారణం దొరికింది. కొన్నాళ్ళ కిందట ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన రికార్డుల్లో ఒకదానికి బూజు ఉంది. ఆ బూజు మిగతావాటికి అంటుకుందట. "తెగులు," అన్నాడు, పంటకు పురుగు పట్టిన రైతులా. ఒక్కొక్కటే వేసి చూడ్డం, తల అడ్డంగా ఊపడం, జబ్బు చేసినదాన్ని అట్టలో పెట్టి కిటికీ వైపు గోడకు చేర్చడం. ఆరోగ్యంగా ఉన్నవి అరలోనే. రెండింటి మధ్య దుప్పటి కట్టాడు. ఒకటి ముట్టుకుంటే చేతులు కడుక్కుని గానీ రెండోది ముట్టుకోకూడదు.

నేను గమనించింది ఇంకొకటి. గోడ దగ్గరికి చేరినవన్నీ ఆడగొంతులు, వేణువులు, సన్నటి తీగ వాయిద్యాలు. అరలో మిగిలినవి మగగొంతులు, పెద్ద పెద్ద డోళ్ళు.

"తెగులు కూడా ఆడవాళ్ళకే రావాలా తాతయ్యా? మగాళ్ళకు అంత బలమేంటో!" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా వేళాకోళానికి ఆయన నవ్వని రోజంటూ అంతకుముందు లేదు.

తాతయ్య క్షవరానికి వెళ్ళినప్పుడు చేతులు కడుక్కుని గోడ దగ్గరి దొంతరలోంచి ఒకటి తీశాను. మాటలు లేని పాట అది. ఒక వయొలిన్ చాలాసేపు ఒకే స్వరం మీద నిలబడుతుంది, దాని వెనక చిన్న చిన్న గంటలు మోగుతాయి. ముల్లు పెట్టాను. గంటలు గదంతా చిందాయి. మసకా లేదు, మట్టీ లేదు. ఇంకొకటి వేశాను. మరొకటి వేశాను. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఉండకపోతే బాగుండునని మనసులో మొక్కుకోవడం ఒకటే తక్కువ.

వంటింట్లోకి వెళ్ళాను.

"నాయనమ్మా, రికార్డులకు ఏమీ కాలేదే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కెటిల్ కూత పెట్టిందంటే ఆ గదిలోంచి కేకలేసేవాడు మీ తాత, పొయ్యి కట్టేయమని. ఈమధ్య కేకల్లేవు. కావాలని రెండుసార్లు కూయనిచ్చి చూశాను కూడా." చీరచెంగుతో చెయ్యి తుడుచుకుంది. అప్పటికే పొడిగా ఉన్న చెయ్యి.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పు. ఇంటిల్లిపాదికీ సరిపడా నోరుంది కదా నీకు."

ఆ నోరే పెగల్లేదు. ఇనుము చప్పుడు విని పనిముట్టు సంగతి చెప్పే మనిషికి నీ చెవులే మొద్దుబారాయని ఎలా చెప్పడం?

ఇంతలో తాతయ్య కబురు పట్టుకొచ్చాడు. పాత సామాన్లవాడితో మాట్లాడేశాడట. ఆదివారం వచ్చి తెగులు పట్టినవన్నీ పట్టుకుపోతాడు. కరిగించేస్తారు. "ఇంకా ఆలస్యం చేస్తే ఉన్నవి కూడా దక్కవు," అన్నాడు. అరలోవి ముప్పావువంతు గోడకు చేరిపోయాయి అప్పటికి. ఒక మనిషి జీవితమంతా ఏరుకున్నది, ఏ లోపమూ లేనిది, నా కళ్ళముందే బండెక్కబోతోంది.

శనివారం సాయంత్రం కొట్టు మూసి తిన్నగా మాస్టారింటికి పరిగెత్తాను. మొత్తం విన్నాక ఆయన చెవుల మీద పడే జుట్టు వెనక్కి తోశారు. ఈ వయసులో ఆయనకా జుట్టు ఏమిటని మా ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. చెవి వెనక చింతగింజంత వినికిడి మిషను. రెండో చెవికీ ఉంది.

"మూడేళ్ళు," అన్నారు.

"తాతయ్యకు చెప్పలేదా?"

"ఇదీ ఫోనులాగే లెక్కలు వేసి వినిపించేదే. చెబితే బతకనిస్తాడా? చెవిలో ఎక్కాల పుస్తకం పెట్టుకుని నా రికార్డు వింటారా అని గుమ్మంలోంచే పంపించేయడూ! నేను వచ్చేది ఆ పాటల కోసమేనమ్మా. వాదన ఉత్తినే, టీ వచ్చేదాకా."

"రేపు మీరే చెప్పండి మాస్టారూ."

"వస్తాను. చెప్పడం మాత్రం..."

ఆదివారం సామాన్లవాడు గోనెసంచి భుజాన వేసుకుని వచ్చేశాడు. మాస్టారు కుర్చీలో బొమ్మలా కూర్చున్నారు. నాయనమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను చెబుదామని మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు ఆవులించినట్టు నటించాను.

"చూడు నాయనా," అన్నాడు తాతయ్య అతనితో, "వినడానికి ఎవరికీ అమ్మకూడదు. తెగులు వాళ్ళింటికీ పోతుంది. తిన్నగా కరిగించేయాలి."

"రికార్డులకు తెగులేంటి పెద్దాయనా?"

"నమ్మవా? నువ్వే విను." పైనున్నది తీసి వేశాడు. నేను దొంగచాటుగా విన్న వయొలిన్ పాటే. "మసగ్గా లేదూ?"

అతను సంచి కింద పెట్టి, మెడ ఒక పక్కకు వంచి విన్నాడు. "మసకెక్కడుంది? బ్రహ్మాండంగా ఉంది కదా! ఆ సన్న గంటలు చెవిలో గిలిగింతలు పెడుతుంటే."

"ఏ గంటలు?"

"అవే పెద్దాయనా. ఇప్పుడు మోగుతున్నవి."

తాతయ్య తిరుగుతున్న రికార్డును చూశాడు. అతన్ని చూశాడు. అతనికి ఏ పక్షమూ లేదు, బిస్కెట్లూ లేవు. తర్వాత మా ముగ్గుర్నీ వరసగా చూశాడు. అబద్ధాలకు నేను ఏనాడూ తడుముకోను. ఆ రోజు మాత్రం సామాన్లవాడి గోనెసంచి వైపు చూశాను.

"అందరికీ తెలుసన్నమాట," అన్నాడు. ముల్లు తీయలేదు. పాట అయిపోయి, ముల్లు చివరి గాడిలో గరగరమంటూ తిరుగుతున్నా తీయలేదు. నాయనమ్మే వచ్చి ఎత్తింది. ఆవిడ ఆ ముల్లు ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. సామాన్లవాడు ఏదో తప్పు జరిగిందనుకుని, వాకిట్లో పడున్న పగిలిన బకెట్టు తీసుకుని చల్లగా జారుకున్నాడు.

అప్పుడు మాస్టారు చెవిలోది తీసి బల్ల మీద పెట్టారు.

తాతయ్య దాన్ని వేలితో తిప్పి చూశాడు. "ఇన్నాళ్ళూ నా రికార్డులు దీంతో విన్నారా?" అని గట్టిగా అడిగాడు.

"దీంతోనే."

"బాగున్నాయా?"

"లేకపోతే వస్తానా?"

"అయితే మీరే గెలిచినట్టు."

"గెలుపేంటి మేస్త్రీ! ఓడిపోవడంలో నేను మీకంటే మూడేళ్ళు ముందున్నాను, అంతే."

చెవి పరీక్షకు తీసుకెళ్ళింది నేనే. అద్దాల పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. మా తాతయ్య వినబడినా నొక్కాడు, వినబడకపోయినా నొక్కాడు. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసి, "తాతగారూ, నేనింకా మొదలుపెట్టనే లేదు," అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన నుదుటి మీద చెమట చూశాక ఆగిపోయింది.

రెండోసారి బుద్ధిగా నొక్కాడు. చాలాసేపు అసలు నొక్కనే లేదు.

లేత్ దగ్గరి మోత సన్న శబ్దాలను ముందుగా తినేసిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది తరగొచ్చని, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమని ఆ అమ్మాయి నిదానంగా చెప్పింది. తాతయ్య అన్నిటికీ తలూపి ఒకటే అడిగాడు. "ఇందులో అంకెలు లేని రకం లేదామ్మా?"

"ఇప్పుడన్నీ ఇవే తాతగారూ."

తెచ్చిన మిషను వారం రోజులు పెట్టెలోంచి తీయలేదు. రికార్డులూ వేయలేదు. దుప్పటి విప్పలేదు. నాయనమ్మ ఫ్రిజ్ ప్లగ్గు తనే పీకి చూసింది, పోట్లాటకైనా వస్తాడేమోనని. రాలేదు.

మళ్ళీ ఆదివారం మాస్టారు వచ్చి, రికార్డు తనే వేస్తానని అట్టలోంచి లాగారు. నల్లటి భాగం మీద బొటనవేలు మోపి మరీ.

"ఆ చెయ్యి తియ్!" అని గదిలోంచి దూసుకొచ్చాడు తాతయ్య. రికార్డు లాక్కుని, తుడిచి, విసుగ్గా మిషన్లు చెవులకు తగిలించుకుని ముల్లు పెట్టాడు.

ముందు ఉలిక్కిపడ్డాడు. "ఏంటీ చిటపటలు? ఇంత గోల ఉందా ఇందులో?"

"చిటపటలని నేను అన్నప్పుడు అది పాటకు వెచ్చదనం అన్నారుగా," అన్నారు మాస్టారు.

తర్వాత గంటలు వచ్చాయి. తాతయ్య కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. అటు తిరిగి కూర్చున్నాడు, మేం చూడకుండా. అంతలో వయొలిన్ పొడుగు స్వరం మొదలయింది. ఆయన మళ్ళీ ఇటు తిరిగాడు. "ఇదేంటి, వణుకుతోంది? నీళ్ళలో పడ్డట్టు?"

"ఆగకుండా ఒకే స్వరం వస్తే అది తనలోంచే పుట్టిన కూత అనుకుని నొక్కేయాలని చూస్తుందీ మిషను. ఆ ముక్కకు తీసేయాలి," అన్నారు మాస్టారు, తనవి తీసేస్తూ. "ముక్కకీ ముక్కకీ మధ్యది ఎవడు తిన్నాడంటే ఇదే తింది. ఇది మాత్రం ఒప్పుకుంటున్నా."

ఇప్పుడు ఆదివారాలు అలా గడుస్తున్నాయి. వయొలిన్‌కు మిషన్లు తీస్తారు, గంటలకు పెడతారు. మధ్యలో ఒకరిది ఒకరు మార్చుకుని తిట్టుకుంటారు. దుప్పటి విప్పేశాం, రికార్డులన్నీ అర ఎక్కాయి. కానీ తాతయ్య నాకో పని అప్పగించాడు. ఆయన పక్కన కూర్చోవాలి. నాకు వినబడి ఆయన ముఖంలో కదలిక లేకపోతే భుజం మీద తట్టాలి.

ఇంతకన్నా కష్టమైన కొలువు నేనెప్పుడూ చేయలేదు. పాట మీద కన్నా ఆయన కనుబొమ్మల మీదే నా ప్రాణమంతా. మొన్న ఒక వేణువు చివర్లో సన్నగా పైకి పోయింది. ఆయన కదల్లేదు. తట్టనా మాననా అని ఒక క్షణం ఆగి, తట్టాను. ముల్లు వెనక్కి పెట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ పెట్టాడు. నాయనమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది.

మూడోసారి పెట్టినప్పుడు, సరిగ్గా వేణువు పైకి పోయే చోటే, తల ఊపాడు. "ఆఁ, వచ్చింది," అన్నాడు.

వచ్చే చోటు ఆయనకు ముందే తెలుసు కదా. నేను ఇంకేమీ అడగలేదు. ఆయన కూడా నా వైపు చూడకుండా రికార్డు తిప్పి రెండో వైపు వేశాడు.