పావు అంగుళం నీలం

ఫిబ్రవరి పదకొండో తారీకు, మంగళవారం, మధ్యాహ్నం మూడూ ఇరవైకి నేను నీలం పోస్టర్ కలర్ సీసా మూత తీశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఇప్పుడు డెబ్బై మూడు. మధ్యలో యాభై ఒక్క ఏళ్ళు ఆ తారీకు సంగతి ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆదివారం, ఇక్కడే రాజాంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మనవరాలు, కాలేజీకి వంతెన నమూనా చెయ్యాలని వసారాలో మూడు రకాల రంగులు పరిచి, యాక్రిలిక్ వెయ్యనా, ఎనామెల్ వెయ్యనా, స్ప్రే డబ్బా కొట్టేసి చేతులు దులుపుకోనా అని నన్ను అడిగింది. దేని మీద వేస్తున్నావు, కింద అస్తరు పూశావా, ఆరడానికి ఎన్ని గంటలు ఉంచుతావు అని నేను వరసగా అడుగుతుంటే నవ్వి, "ఏటమ్మమ్మా, రంగే కదా" అంది.

నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను.

అప్పట్లో నేను ఒక రిజర్వాయరు ఆఫీసులో ట్రేసరుని. పెద్దవాళ్ళు గీసిన ప్లాను మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, ఇంకుతో గీతకు గీత దింపడం నా ఉద్యోగం. గెడ్డకు అడ్డంగా కట్ట వేస్తే నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో ప్లాను చదవలేని రైతులకు చూపించాలని, ఆ లోయనంతా ఒక పెద్ద బల్ల మీద నమూనాగా చెయ్యమన్నారు. లెక్క అంగుళానికి ఎనిమిది వందల అడుగులు. అట్టలు కోసి ఒకదాని మీద ఒకటి అంటించి, పైన ప్లాస్టర్ పోసి, కొండలూ మెట్టలూ తీర్చాం. ఇళ్ళకు గుర్తు నూకలు, ఇంటికొక గింజ. నీటి హద్దుకు మాత్రం పొందూరు నుంచి తెప్పించిన సన్న నూలుపోగును ఎర్రరంగులో ముంచి, ప్లానులో ఉన్న ప్రతి వంపూ చూసుకుంటూ నేనే అంటించాను. ఆ నూలు ఎంత సన్నదంటే, అంటించాక వేలితో తడిమితే తగిలేది కాదు. ఇప్పుడు అంత సన్నగా వడికే చేతులు ఎన్ని మిగిలాయో నాకు తెలియదు.

ఇక మిగిలింది నీళ్ళు నిలిచే చోట వెయ్యాల్సిన రంగు. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారు ప్లాస్టర్ తడిని తాగుతుందనీ, ముందు వార్నిష్ రెండు పూతలు వేసి, ఒక్కో పూతకు ఒక రోజు ఆరనిచ్చి, ఆ పైన ఎనామెల్ వెయ్యాలనీ, అది కుంచె ఆగిన చోట ఆగుతుందనీ చెప్పారు. నేను లెక్క వేశాను. వార్నిష్‌కు రెండు రోజులు, ఎనామెల్‌కు ఒకటిన్నర. నమూనా గురువారం ఉదయానికల్లా ఆ లోయ ఊళ్ళ మధ్య ఉన్న బడికి చేరాలి. పోస్టర్ కలర్ అయితే గంటలో ఆరుతుంది. పైగా ఎనామెల్ మెరుపు నాకు నచ్చలేదు, పోస్టర్ కలర్ దూరం నుంచి చూస్తే నిజం నీళ్ళలా నిదానంగా ఉంటుంది. ఆయన శ్రీకాకుళం పనిమీద వెళ్ళిన రోజు చూసి వేసేశాను. నా కుంచె నూలుపోగు దాటలేదని ఈ రోజుకీ చెప్పగలను.

బుధవారం ఉదయం ఎనిమిదీ నలభైకి వెళ్ళి చూస్తే, కుంచె దాటకపోయినా రంగు దాటింది. పోగు కింద నుంచి ప్లాస్టర్‌లోకి ఇంకి, చుట్టూరా పావు అంగుళం పాకింది. పావు అంగుళమంటే రెండు వందల అడుగులు. ఒకచోట ఆ వెడల్పులో ఉన్న పద్నాలుగు నూకలూ నీలంగా మారి కూర్చున్నాయి. అది మా పెద్దమ్మ వాళ్ళ ఊరు. గీకి చూశాను, మరక లోపలికంటా దిగింది. పైన పచ్చరంగు పూస్తే అదీ పాకింది. డ్రాఫ్ట్స్‌మన్ గారు స్కేలు పెట్టి చూసి, వారం ఆగి మళ్ళీ చేద్దాం అన్నారు. వద్దన్నది నేను. ముంపు ఊళ్ళ జాబితా బడి గోడకు అంటిస్తున్నాం కదా, అందులో ఈ ఊరి పేరు లేదు కదా, ఎవరు పొరపాటు పడతారు అని వాదించాను. నా లెక్క మీద ఆయనకు నమ్మకం, ఒప్పుకున్నారు.

గురువారం బడి వసారాలో ఒక్కరూ గోడ వైపు చూడలేదు. అందరూ బల్ల చుట్టూ మూగి, ముందు కొండను పోల్చుకుని, తరువాత గెడ్డను, ఆ తరువాత ఎవరి ఊరును వాళ్ళు వెతుక్కున్నారు. మా పెద్దమ్మా పెదనాన్నా నాలుగు మైళ్ళు నడిచి వచ్చారు. పెద్దమ్మ వేలు సరిగ్గా ఆ పద్నాలుగు గింజల మీద ఆగింది.

"ఏటే అమ్మీ, మన ఊరు నీల్లల్లోన ఉన్నాదేటి?"

లేదు పెద్దమ్మా, మీ ఊరు మునగదు, రంగు కొంచెం పాకింది, అంతే అన్నాను. పెద్దమ్మ పక్కనున్న ఆఫీసరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రంగు దానికదే పాకెల్తాదేటే? సెప్పొద్దన్నారేటి నీకు?"

ఆ ఆదివారం ప్లానూ టేపూ పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళి, హద్దు వెంట మేకులు పాతి చూపించాను. కొలతలకు కూడా వచ్చేశారని ఊరంతా మరింత బెదిరింది. వారానికి నమూనాను ఎనామెల్‌తో మళ్ళీ సరిగ్గా చేశాం, కానీ దాన్ని చూడడానికి వాళ్ళెవరూ రాలేదు. ముంపు వచ్చేలోగా దక్కినంత దక్కించుకోవాలని వేసవిలోనే పశువులను అమ్మి, పనస చెట్లు నరికి కలప చేసి, తలుపులూ దూలాలూ ఊడదీసుకుని, బళ్ళ మీద తలో దిక్కుకూ వెళ్ళిపోయారు. పెద్దమ్మ వాళ్ళు గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసుకునే కొడుకు దగ్గరకు చేరారు.

మూడో వానాకాలానికి రిజర్వాయరు నిండింది. నీళ్ళు నేను నూలుపోగు అంటించిన చోటే ఆగాయి. నేను వెళ్ళి కొలిచాను, పైకప్పు లేని మొదటి గోడ నుంచి నీటి అంచుకు నూట పది అడుగులు. ఆ కొలత చెప్పడానికి గరివిడి వెళ్ళాను. వార్నిష్, ఎనామెల్, గురువారం తొందర, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. పెద్దమ్మ ఒక గదిలో చాప మీద కూర్చుని వింది. పెరడు లేని ఇల్లు అది.

"ఆ రంగు ఇంకెవులేసినా నమ్మకపోదును. నీ సెయ్యి సిన్నప్పుడు ముగ్గుకాడ కూడా తప్పనేదు గదే" అంది, అంతే.

ఇప్పుడు ఏ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చేతిలో ఫోనే చూపిస్తుంది. రంగులు అరగంటలో ఆరుతున్నాయి. నేను పక్కనే కూర్చున్నందుకు మా మనవరాలు సణుక్కుంటూనే రెండు పూతలు అస్తరు వేసింది, ఒక్కోటీ ఆరేదాకా ఆగింది. తన వంతెన అంచులు చక్కగా వచ్చాయి. నా లెక్క మాత్రం ఇది.

ఇళ్ళు పద్నాలుగు. పనస చెట్లు తొమ్మిది, చింత చెట్లు రెండు. పశువులు ముప్పై ఒకటి. నుయ్యి ఒకటి, అది ఇప్పటికీ ఉంది, తోడేవాళ్ళు లేరు. మనుషులు అరవై ఆరుగురు, అందులో మా పెద్దమ్మ ఒకరు.

నీళ్ళలో మునిగినవి ఏవీ లేవు.