ఐదో దెబ్బ

పదేళ్లు నేను హీరోల చేతిలో తన్నులు తిని బతికాను. కృష్ణానగర్‌లో అద్దెగది, ఫిల్మ్ నగర్‌లో షూటింగు, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట వాపు. అయినా మా ఫైటర్లకు ఒక పద్ధతి ఉండేది. షాటుకు ముందు ఎదుటివాడి భుజం మీద చెయ్యేసి ఎన్ని దెబ్బలో, ఎక్కడో చెప్పాలి. ఆ లెక్క దాటకూడదు. తగలకుండా కొట్టడమే మా పనితనం. పొరపాటున తగిలిందా, ఆ పూటంతా వాడికి మొహం చూపించలేకపోయేవాళ్లం.

తొంభైల మొదట్లో తొలిసారి నాకు కొట్టే వేషం వచ్చింది, పోలీసుది. టీవీ కోసం తీస్తున్న నిజం కథ. పాకిస్తాన్‌తో యుద్ధం రోజుల్లో సముద్రం పక్క ఊళ్లో రేడియోలు బాగుచేసుకునే ఇద్దరు స్నేహితులను గూఢచారులని పోలీసులు పట్టుకెళ్లి చావగొట్టారు. ఒకడు లోపలే చచ్చిపోయాడు. రెండోవాణ్ణి పొరపాటైందని వదిలేశారు. ఆ రెండో ఆయన, అరవై దాటిన మనిషి, రోజూ సెట్టుకొచ్చి కెమెరా పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఎలా కొట్టాలో నాకు నేర్పింది ఆయనే.

"అరికాళ్ల మీద కొట్టేవారు బాబూ. తర్వాత చన్నీళ్లు పోసి నడిపించేవారు. మళ్లీ కొట్టేవారు."

ఆయన అంత నెమ్మదిగా చెబుతుంటే నేను చేతిలోని రబ్బరు లాఠీ కింద పెట్టేశాను.

ఆయన వేషం వేసింది పాటల్లో వెనక వరసలో ఆడే పాతికేళ్ల డాన్సరు. మా వీధివాడే, నన్ను అన్నా అనేవాడు. ఆ నెలలోనే ముందు వరసలో ఆడే అవకాశం వచ్చిందని మురిసిపోతున్నాడు. స్క్రిప్టు ప్రకారం నేను అతని అరికాళ్ల మీద నాలుగు దెబ్బలు కొట్టాలి. నాలుగోది పడగానే, నేరం ఒప్పుకున్నట్టు రాసిన కాగితం నేను ముందు పెడితే, అతను నా మొహాన ఉమ్మి, సంతకం పెట్టనని గర్జించాలి.

అది వినగానే పెద్దాయన లేచి డైరెక్టరు దగ్గరికెళ్లాడు.

"నేను ఉమ్మలేదండీ. మూడో రోజుకే సంతకం పెట్టేశాను. మావాడు గూఢచారేనని నాచేత రాయించుకున్నారు. ఆ తర్వాతే వాణ్ణి చంపేశారు. వాళ్లింట్లో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదండీ. ఇలాగైనా చెప్పుకోవచ్చనే ఇంతదూరం వచ్చాను."

"హీరో సంతకం పెట్టడమేంటండీ! జనం టీవీలు కట్టేస్తారు," అని డైరెక్టరు నవ్వేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దాయనను పక్కకు తీసుకెళ్లి, "ఫికర్ చెయ్యకుండ్రి. సంతకం నేను పెట్టిస్త," అన్నాను.

షాటుకు ముందు డాన్సరు భుజం మీద చెయ్యేసి, "నాలుగు దెబ్బలు తమ్మీ, అరికాళ్ల మీద. రబ్బరు లాఠీ," అని మామూలుగానే చెప్పాను. అతన్ని బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు కట్టేశారు. కెమెరా తిరగ్గానే రబ్బరుది పారేసి, గోడకు ఆనించి ఉన్న కర్ర లాఠీ అందుకున్నాను.

మొదటి దెబ్బకు, నా చెయ్యి జారిందనుకున్నాడేమో, ఆశ్చర్యంగా చూశాడు. రెండోదానికి చర్మం చిట్లింది. మూడోదానికి అమ్మా అని అరిచి బల్లతో సహా ఎగిరిపడ్డాడు. డైరెక్టరు కట్ చెప్పలేదు. కళ్లప్పగించి చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే నాకు హుషారొచ్చింది. పదేళ్లుగా తిన్నవన్నీ తిరిగి ఇచ్చేస్తున్నట్టు అనిపించింది. నాలుగోది కొట్టాను.

"పెడతానన్నా! ఎక్కడ పెట్టాలో చెప్పన్నా!"

కాగితం అందించాను. తన సొంత పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా. అరికాళ్ల నుంచి నేల మీదికి రక్తం బొట్లుబొట్లుగా కారుతోంది. చెప్పిన లెక్క అయిపోయింది, నాకు కావలసిన సంతకమూ వచ్చేసింది.

అప్పుడు ఐదోది కొట్టాను. ఎందుకు కొట్టానో ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

డైరెక్టరు కట్ అన్నాడు. పెద్దాయన సంతోషించి ఉంటాడని వెనక్కి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన సెట్టు మూల ముడుచుకుని కూర్చున్నాడు. ఖాకీ చొక్కాలోనే, చేతిలో లాఠీతోనే దగ్గరికెళ్లాను.

"చూసిండ్రా పెద్దాయనా, పెట్టిండు."

ఆయన రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

"నేను కూడా పెట్టేశాను కదండీ సార్," అన్నాడు. "ఇంక కొట్టకండి సార్."