రాజు రాకముందే తెర దించారు

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టింది. హైదరాబాదులో ఏదో పెద్ద వేదిక మీద పిల్లలు చిరుతల ఆట ఆడుతున్నారు. అందరికీ ఒకే రంగు బట్టలు. అందరూ ఒకే వరుసలో జనం వైపు తిరిగి నిలబడి చిరుతలు వాయించారు, ఎగిరారు, వంగి దండం పెట్టారు, పది నిమిషాల్లో అయిపోయింది. బాగుంది కదా తాతా అంది. బాగాలేదు అన్నాను. పిల్ల చిన్నబుచ్చుకుంది గానీ నేనేం చేయను, నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ఈ వయసులో ఇక అబద్ధాలాడటం కూడా నేర్చుకోమంటే నావల్ల కాదు.

మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, చిరుతల ఆట అంటే గుండ్రంగా ఆడేది. చేతుల్లో కొయ్య చిరుతలు, కాళ్లకు గజ్జెలు, నడుమ మద్దెలవాడు, చుట్టూ నాలుగు దిక్కులా జనం. ఆడేవాళ్లు తిరుగుతూనే పాడతారు కనుక ముందు వరుస అనీ వెనక వరుస అనీ ఉండదు, రాజు మొహం అందరికీ కనబడుతుంది, రాజు వీపూ అందరికీ కనబడుతుంది. ఆ ఆటను తెచ్చి గోడకు చేరేసినట్టు వరుసగా నిలబెడితే నాకు మండదా? మండింది. మండేసరికి బహ్రెయిన్ గుర్తొచ్చింది.

రెండు వేల మూడు, నాలుగు సంవత్సరాల మాట. ఊళ్లో అడిగితే దుబాయి పోయిండు అనేవాళ్లు గానీ నేనున్నది బహ్రెయిన్‌లో, సిత్రాలో, ఆయిలు ట్యాంకుల పక్కనున్న క్యాంపులో. నేను షటరింగ్ పని, అంటే కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు కట్టేది, మా అక్క మొగుడు, అంటే మా బావ, ఇనుప చువ్వలు కట్టే పని. మా బావ ఊళ్లో పదిహేనేళ్లు రాజు వేషం కట్టినవాడు. క్యాంపులో మావైపు వాళ్లం ఓ ఇరవై మందిమి పోగయ్యేసరికి ఆయనకు ఆట మీదికి మనసు మళ్లింది. షటరింగ్ చెక్క ముక్కలు చిత్రిక పట్టి చిరుతలు చేశాను, కూల్‌డ్రింక్ మూతలు బిళ్లల్లా సాగగొట్టి వాటికి కట్టాను, అట్టముక్కకు వంటగదిలో వాడే వెండికాగితం చుడితే కిరీటమైంది. రాణి వేషానికి ఒక ప్లాస్టరింగ్ మేస్త్రి దొరికాడు, గొంతు తేనె, కాకపోతే మీసం తియ్యనన్నాడు, అందుకే మా రాణి ఎప్పుడూ కొంగుతో సగం మొహం కప్పుకునే ఏడ్చేది.

ఆట కథ మా ఊరి పంతులు కట్టింది. ఆయన రాయించిన నోట్‌బుక్కు ఊరి నుంచి తెప్పించాం, తీరా చూస్తే మాలో దాన్ని చదివే దిక్కు లేదు. స్టోరు చూసే సారు ఒకాయన ఉండేవాడు, గోదావరి జిల్లావాడు, శుక్రవారం పొద్దున తెలుగు ప్రార్థనకు వెళ్లేవాడు. ఆయన్ని బతిమాలి చదివించుకున్నాం. ఆయన మా యుద్ధం పాటను కూడా ప్రార్థన పాటంత నెమ్మదిగా చదివేసరికి మా బావ నవ్వాపుకోలేక, "సారూ, గిట్ల పాడితె శత్రువులు గూడ మోకాళ్ల మీద గూసుంటరు" అన్నాడు. సారు కోప్పడలేదు. "అయితే మీరే నేర్చుకుని చదువుకోండి మేస్త్రిగారూ, నాకేటి అభ్యంతరం" అని నావైపు చూశాడు. అట్లా ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో నా చదువు మొదలైంది. ఎనిమిది నెలలకు ఆ నోట్‌బుక్కు మొత్తం నేనే చదివి చెప్పేవాణ్ణి. ఎంత గర్వమో! ఆ గర్వమే తరవాత కొంప ముంచింది, చెబుతాను.

కథ చిన్నదే. ఒక రాజు యుద్ధంలో సాయానికి వస్తానని మాట ఇచ్చి సముద్రం దాటి పోతాడు. పోయేముందు తన చిరుతలు రెండూ రాణి చేతిలో పెడతాడు. అక్కడి నుంచి రాజు వట్టి చేతులతోనే తిరుగుతాడు, అందరి చిరుతలూ మోగుతుంటే ఆయన చేతులు మాత్రం గాలిలో ఆడుతుంటాయి. పన్నెండేళ్లకు తిరిగొస్తే రాణి గుర్తుపట్టదు, మూడు ప్రశ్నలడుగుతుంది, చివరికి గుర్తుపట్టి చిరుతలు తిరిగి చేతిలో పెడుతుంది. అప్పుడు రాజు ఒక్కసారి వాయిస్తే చుట్టున్న అందరూ ఒక్కసారే వాయిస్తారు. అదీ ఆట. అది మావాళ్లకు ఉత్త కథ కాదు. ఒకసారి చిరుతలు రాణికి ఇచ్చాక, రాజు తిరిగొచ్చి తీసుకోందే వాటిని పెట్టెలో పెట్టకూడదు. ఊళ్లో వాన ముంచుకొచ్చినా సరే, ఆ ముక్క ముగించే లేచేవాళ్లు.

చలికాలం శుక్రవారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే పొద్దు వాలేదాకా నాలుగు గంటలు ఆడేవాళ్లం. ముందు మా క్యాంపులో, తరవాత పక్క క్యాంపులో, ఆ తరవాత కంపెనీ బస్సు మాట్లాడుకుని సనాబిస్‌లో మనవాళ్లుండే బిల్డింగు వెనక ఖాళీ జాగాలో. మలయాళీలు, బీహారువాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. ఒక పఠాన్ డ్రైవరు ముక్క తెలుగు రాకపోయినా ప్రతిసారీ రాజు తిరిగొచ్చే చోట కళ్లు తుడుచుకునేవాడు.

ఒకసారి పెద్ద ఉద్యోగులుండే మహూజ్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏదో తెలుగు సంఘం కమిటీ ఆయన. పావుగంట నిలబడి చూసి, కూర్చోమంటే కూర్చోకుండా, మనామాలో పెద్ద హాలులో మా ఆట పెట్టిస్తానన్నాడు. ఆ రోజు నుంచి క్యాంపు రెండుగా చీలింది. ఏసీ ఉంటుంది, మైకులుంటాయి, ఇంజనీర్లు, డాక్టర్లు కుటుంబాలతో వచ్చి చూస్తారు, మన ఆటకు ఒక గౌరవం అని సగంమంది. కుర్చీలన్నీ ఒకే దిక్కు చూసే చోట గుండ్రం ఆటేమిటి, వాళ్లు నాలుగు గంటలు కూర్చునే రకమేనా అని సగంమంది. మెస్సులో ఇదే గొడవ. రాణి మేస్త్రి అయితే, "మీసం దీయమంటె మాత్రం నేను రాను, గిప్పుడే జెప్తున్న" అని ఒకటే పట్టు.

మా బావ లెక్క వేరు. ఆయన బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లు నిండాయి, వీసా ఖలాస్, అయిపోయింది, హాలులో ఆట శుక్రవారమైతే ఆ మరుసటి బుధవారం విమానం. ఇక తిరిగి రాడు. ఒక్కసారి, ఇన్నాళ్లూ చూసినవాళ్లందరి ముందూ, రాజుగా తిరిగొచ్చి, ఆ తరవాత మనిషిగా ఇంటికి పోవాలని ఆయన ఆశ. అది నాతో ఒక్కడితోనే అన్నాడు. అందుకే నేను హాలు పక్షాన నిలబడి అందర్నీ ఒప్పించాను.

కమిటీ ఆయన ఒక కాగితం తెచ్చాడు. పైన మా ఆట పేరు తెలుగులో ఉంది, గడగడా చదివేశాను. కిందంతా ఇంగ్లీషు. ఇదేమిటని అడగాలి కదా? అడగలేదు. చదువొచ్చినవాడిగా ఆయన నాకు పెన్ను ఇచ్చాడు, జీవితంలో మొదటిసారి నా ముందుకు వేలిముద్రల సిరా డబ్బా రాలేదు. నా పేరు మొత్తం, ఒత్తులతో సహా, నెమ్మదిగా రాసి ఇచ్చాను. ఆటకు నలభై నిమిషాలే అని ఆ ఇంగ్లీషులో ఉందని హాలులో అంతా అయ్యాక సారు చదివి చెబితే తెలిసింది. సారు నెత్తి కొట్టుకున్నాడు, "స్టోరు పక్కనే ఉన్నాను కదండీ, ఒక్కసారి చూపిస్తే పోయేది కాదా" అని. నా తప్పే. నేను కాదనను.

కానీ ఆ హాలులో జరిగింది నా తప్పు ఒక్కటే కాదు. రెండు బస్సుల్లో మావాళ్లు ఇస్త్రీ చొక్కాలేసుకుని వస్తే చివరి వరుసల్లోకి తోలారు, ముందు కుర్చీల మీద చీటీలు అంటించి ఉన్నాయి. ఆటకు ముందు సన్మానాలట. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు, ఫొటోలు, మళ్లీ శాలువాలు, గంట దాటింది. మమ్మల్ని పిలిచి వరుసగా జనం వైపు నిలబడమన్నారు. మేం నిలబడలేదు, గుండ్రంగానే తిరిగాం. మైకులు మాత్రం ముందే ఉన్నాయి కనుక ఎవరు అటు వెళితే వాళ్ల పాట ఉరిమేది, తిరిగేసరికి మాయమయ్యేది. అయినా పాడాం. బావ చిరుతలు రాణికిచ్చి సముద్రం దాటాడు. పరాయి దేశంలో పాట ఎత్తుకున్నాడు, రెండో చరణంలో ఉన్నాడు.

తెర దించారు.

మాకు తెర అంటే ఏమిటో తెలియదు, మా ఆటకు తెర ఎప్పుడుంది గనక? రాజు తెర లోపల, రాణి తెర బయట. ఆ ప్లాస్టరింగ్ మేస్త్రి రెండు జతల చిరుతలు పట్టుకుని, కొంగు జారి మీసం కనబడుతూ, అంతమంది ముందు ఒక్కడే నిలబడ్డాడు. ఎటు పోవాలో తెలియలేదు పాపం. ఈలోగా పిల్లల డాన్సుకు టేపు వేసేశారు. వెనక వరుసల్లోంచి మావాళ్లు లేచి "రాజు రాలే! రాజు రాలే!" అని కేకలు. ముందు కుర్చీలవాళ్లు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. కమిటీ ఆయన మైకు పుచ్చుకుని, మన కార్మిక సోదరుల ఆనందం చూశారా అన్నాడు. ఆనందమట! ఇరవై ఏళ్లు దాటింది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. శాలువాలకు టైముంది, రాజు రావడానికి లేదు.

బయట కార్ల మధ్య ముగిద్దామని మావాళ్లు చుట్టూ నిలబడ్డారు. వాచ్‌మన్ పొమ్మన్నాడు, బస్సు డ్రైవరు షిఫ్టువాళ్లను ఎక్కించుకోవాలని యల్లా యల్లా అని తొందరపెడుతూ హారన్ కొట్టాడు. బస్సులో రాణి మేస్త్రి చిరుతలు తీసి మా బావ ముందు చాపాడు. బావ తీసుకోలేదు.

"ఆట గాలే గద. ఎట్ల తీసుకుంట?" అన్నాడు.

సిత్రా వంతెన మీదకు వచ్చాక నేను కాగితం సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను.

"సంతకం మంచిగ వెట్టినవార బామ్మర్ది?" అన్నాడు.

"వెట్టిన బావా."

"ఇగ మంచిది."

బుధవారం వెళ్లిపోయాడు. చిరుతలు రాణి మేస్త్రి నాకిచ్చాడు. వాటిని పెట్టెలో పెట్టకూడదు కనుక నా మంచం పక్కన మేకుకు తగిలించాను, అయిదేళ్ల తరవాత నేను తిరిగొచ్చినప్పుడు చేతిసంచిలో పట్టుకొచ్చాను, ఇప్పుడు మా ఇంట్లో గోడకున్నాయి. బావకు ఇవ్వబోతే అదే మాట, ఆట కాలేదు కదా అని. సరే ఆడదామంటే మనుషులేరీ? మద్దెలవాడు పోయాడు, రాణి మేస్త్రికి మోకాళ్లు లేవవు, మిగిలినవాళ్లు తలో దేశం.

మనవరాలి ఫోను పట్టుకుని ఆ సాయంత్రమే బావ దగ్గరికి పోయాను. గడప మీద కూర్చుని పిల్లల ఆట మొత్తం చూశాడు, ఒడిలో వట్టి చేతులు దరువు వేస్తూనే ఉన్నాయి. ఫోను ఆగిపోయాక కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది బావా."

"మరి రాజు రాలేదేంది?"

ఇప్పుడు వెలుగులున్నాయి, వేదికలున్నాయి, ఇంట్లో కూర్చుంటే ఆటే చేతిలోకి వస్తోంది, చూసేవాళ్లకు కొదవ లేదు. పొద్దు వాలేదాకా కూర్చుని, పోయినవాడు తిరిగొచ్చేదాకా లేవని జనమే లేరు.