రాళ్లత్త ఉంగరం

మా మేనత్తకి రాళ్లత్త అని పేరు పెట్టింది నేనే. ఆమె పని అలాంటిది. ప్రభుత్వం వాళ్లు కొండల్లో లోతుగా బోర్లు వేసి, లోపలి నుంచి కడ్డీల్లాంటి గుండ్రటి రాళ్లు పైకి తీస్తారు. ఒక్కో కడ్డీని రంపంతో నిలువునా రెండు చీలికలు చేస్తారు. ఒక చీలిక రేకు పెట్టెలో హాయిగా పడుకుంటుంది. రెండోది మా అత్త చేతిలో పడుతుంది. దాన్ని ఆమె ఒక యంత్రంలో నలగ్గొట్టి, ఇంకో యంత్రంలో వేసి, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేస్తుంది. ఆ పొడి కొలిమి గదికి వెళ్తుంది. అక్కడ ల్యాబ్ సారు దాన్ని కరిగించి, చివర్లో కంటికి ఆనీ ఆననంత బంగారు చుక్క మిగిలిందా లేదా అని చూస్తాడు. ఆ చుక్కని బట్టే కొండలో బంగారం ఎంతుందో చెబుతారు. అన్ని కొండలూ కలిపితే దేశం ఎంత కలవారి బిడ్డో తేలుతుంది.

"అంటే దేశం పరపతి మొత్తం నీ పిండి మర మీదే ఆధారపడింది కదత్తా" అంటే, "నోర్మూసుకుని తిను" అనేది. కానీ ఆ పూట నాకు కూర కాస్త ఎక్కువ పడేది.

అత్త పనిచేసే గదికి కఠినమైన నియమం ఒకటుంది. ఒంటి మీద బంగారం ఉండకూడదు. చిన్న నలుసు రాలి పొడిలో కలిస్తే చాలు, ఉత్త రాళ్ల గుట్ట కాస్తా బంగారు కొండైపోతుంది. అందుకే గేటు దగ్గర వాచ్‌మన్ అందరి చెవులూ మెడలూ చూసి గానీ లోపలికి పంపడు.

మా అత్త మెడ బోసి, చెవులు బోసి. వేలికి మాత్రం మా నానమ్మ ఇచ్చిన ఉంగరం ఉండేది. పెట్టుకున్న కొత్తలో జారిపోయేదట. తర్వాత వేలు లావెక్కింది, ఉంగరం మాత్రం ఉన్నట్టే ఉండిపోయింది. సబ్బు రాశారు, నూనె రాశారు, దారం చుట్టి లాగారు. మా మావయ్య దర్జీ. ఒకరోజు కత్తెర పట్టుకొచ్చి, "వేలు కత్తిరించనా, ఉంగరం కత్తిరించనా?" అన్నాడు. "మా అమ్మ ఉంగరం మీద చెయ్యి వేస్తే నీ నాలుక కత్తిరిస్తా" అంది అత్త. అంతటితో ఆ చర్చ ముగిసింది. రోజూ పొద్దున ఉంగరం మీద తెల్ల ప్లాస్టర్ చుట్టి, పైన రబ్బరు తొడుగు వేసుకుని పనికి పోయేది. అడిగిన వాళ్లకి కత్తి గీసుకుందని చెప్పేది. ఏళ్లు గడిచినా మానని గాయం లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం భోజనాలు చేస్తుంటే టీవీలో ఒక ప్రభుత్వ పెద్దాయన కనిపించాడు. ఆయన వెనక మా కొండ ఫోటో. మా వీధి ఆ కొండ మొదట్లోనే ఉంది. మా కుళాయిల్లో వచ్చేది ఆ కొండ ఊట నీళ్లే.

"ఈ కొత్త నిల్వలతో మన దేశ సహజ సంపద విలువ ఎన్నో రెట్లు పెరిగింది. రేపు ఏ గడ్డు కాలం వచ్చినా భూమిలో ఉన్న ఈ బంగారమే మనకు అండ" అన్నాడాయన. ఆ తర్వాత గొంతు తగ్గించి, కొండ కింది వీధులు ఖాళీ చేయించాల్సి రావచ్చన్నాడు.

"చూశావా!" అన్నాడు మావయ్య. "ఇన్నాళ్లూ బంగారం మీద పడుకుని కూడా నడుం నొప్పి అని ఏడ్చాం." నవ్వబోయాడు. ఖాళీ అన్న మాట అప్పుడు బుర్రకెక్కినట్టుంది, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

తూర్పు వాలులో వేసిన బోరులోనే గొప్ప ఫలితం వచ్చిందని టీవీలో అంటున్నారు. అత్త చేతిలో ముద్ద కంచంలో పడింది. లేచి వంటింట్లోకి పోయి, "ఒరేయ్, ఇలా రా" అని నన్ను పిలిచింది. వేలు చూపించింది. ఉంగరం ఒక పక్క అరిగి నున్నగా మెరుస్తోంది.

"తూర్పు వాలు రాళ్లు పొడి చేసింది నేనేరా. ఆ రోజు తొడుగు చిరిగింది, ప్లాస్టర్ ఊడిపోయింది. నేను చూసుకోలేదు. యంత్రం మూత అంచుకి ఇది ఎంతసేపు రాసుకుందో ఏమో."

"అంటే ఆ కొండలో బంగారమంతా మా నానమ్మ ఉంగరమా?" నాకు నవ్వు ఆగలేదు. ఆమె ఆ వేలిని చీర చెంగులో దాచుకోవడం చూశాక ఆగింది.

గుండెల్లో రాయి పడడం అంటే అదే. ఎన్ని యంత్రాలున్నా ఆ రాయిని మాత్రం ఆమె పొడి చేయలేకపోయింది. పనికిరాని గుట్టల్ని అమ్ముకోవడానికి కావాలని పొడిలో బంగారం కలిపే దొంగలు ఉంటారట, వాళ్లని జైల్లో వేస్తారట. తననీ వాళ్లలో కలుపుతారని అత్త భయం. వీధిలో మోటార్ సైకిల్ ఆగితే వెనక గదిలోకి పోయేది. తలుపు ఎవరు తట్టినా "నేను లేనని చెప్పు" అనేది. పాలవాడు కూడా ఆమెకి పోలీసు లాగే కనిపించాడు.

"చెప్పకే" అన్నాడు మావయ్య. "చెప్తే నువ్వు లోపలికి పోతావు."

"చెప్పకపోతే అందరం బయటికి పోతాం."

"ఎటు చూసినా ఇల్లు ఖాళీయేగా! నువ్వున్న ఖాళీ నయం కదే నాకు." అలా అనేసి, కుట్టుమిషన్ మీదికి వంగి, లేని దారాన్ని సూదిలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

కొలతల వాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర రంగు గుర్తులు వేసి పోయారు. పక్కింటి మామ్మ తన గోడ మీది గుర్తుని తడిగుడ్డతో రుద్దుతూ మా అత్తని పిలిచింది. "నువ్వు ఆ ఆఫీసులోనే కదే పనిచేసేది? నిజంగానే ఉందా బంగారం? ఉంటే సరే, దేశానికి కావాలంటున్నారు. లేకుండా పొమ్మంటే మాత్రం నేనెక్కడికి పోనే?"

అత్త ఇంట్లోకొచ్చి చెప్పులు వేసుకుని, సరాసరి ల్యాబ్ సారు గదికి పోయింది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

చేతిని బల్ల మీద పెట్టి అంతా చెప్పేసింది. సారు ముందు తలుపు మూశాడు. తర్వాత నుదురు తుడుచుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పారా అమ్మా?"

"ఇంట్లో వాళ్లకే సార్."

"నేను పైకి పంపేశాను. వాళ్లు టీవీలో చెప్పేశారు. ఆ బంగారాన్ని చూపించి పై దేశాల దగ్గర పరపతి, అప్పులు తెచ్చుకుంటున్నారు."

"ఇంకా తవ్వనే లేదుగా సార్?"

"తవ్వక్కర్లేదమ్మా. ఉందని నమ్మితే చాలు."

"నమ్మడానికి మా ఇళ్లు అడ్డమా సార్?"

సారు కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. అత్త కంటే ఎక్కువ భయపడ్డ మనిషిని నేను చూడడం అదే మొదలు. ఆఖరికి, "పెట్టెలో రెండో చీలిక ఉంది. నేనే పొడి చేసి చూస్తాను. లేదని తేలితే మీతో పాటు నేనూ జైలుకి పోతాను" అన్నాడు.

ఆ సాయంత్రమే అత్త బంగారం పనివాడి దగ్గరికి వెళ్లి ఉంగరం కోయించింది. చిన్న రంపం ఆడుతున్నంతసేపూ మొహం అటు తిప్పుకుంది. నొప్పి లేదని పనివాడు చెబుతూనే ఉన్నాడు, ఆమె వెక్కుతూనే ఉంది.

సారు పరీక్ష చేసిన రోజు ఆమె గేటు లోపల అడుగు పెట్టలేదు. తన గాలి సోకినా పొడి చెడిపోతుందన్నట్టు వాచ్‌మన్ బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. నేను వేసిన జోకులకి వాచ్‌మన్ ఒక్కడే నవ్వాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. "లేకుండా చూడు, లేకుండా చూడు" అనుకుంటోంది. బంగారం లేకపోతే జైలుకి పోయేది తనే. అది తెలిసే అనుకుంటోంది.

సారు పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఉందమ్మా! ముందు చెప్పినదానికంటే కాస్త తగ్గింది, అంతే. కొండలో బంగారం నిజమే. మీరూ బతికారు, నేనూ బతికాను."

"సరిగ్గా చూశారా సార్?"

"చూశానమ్మా."

"ఇంకొక్కసారి చూడండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా."

సారు ఆమె వంకా నా వంకా చూశాడు. నేరం నాదే అనండి అని బతిమాలే మనిషి ఆయనకి ఎక్కడా తగిలి ఉండదు.

ఉద్యోగం పోలేదు. తీసేయాలంటే ఎందుకు తీసేశారో పైవాళ్లకి చెప్పుకోవాలి, ఆ ధైర్యం సారుకి లేదు. ఇంటికొచ్చాక మావయ్య, "తప్పు నీది కాదన్నారుగా, మరి ఏడుస్తావేం?" అన్నాడు.

"నాదైతే దిద్దుకునేదాన్ని" అంది.

అది ఎవరి తప్పో తెలియదు కాబట్టి భయం మా ఇంట్లోనే కాపురం పెట్టింది. బోరు యంత్రం వాలు దిగి మా వీధి మొదట్లోకి వచ్చింది. అది తిరుగుతుంటే గిన్నెలు గలగలమనేవి, కుళాయిలో నీళ్లు బూడిద రంగులో వచ్చేవి. మామ్మ ఆ నీళ్లు తేరేదాకా బిందె పక్కనే కూర్చునేది.

ఒకరోజు అత్త గదిలోకి కొత్త రాళ్ల పెట్టె వచ్చింది. మా వీధి కుళాయి పక్కన తీసిన రాయి అది. ఆమె దాన్ని ముట్టుకోకుండా నిలబడిపోయింది.

సారు చూశాడు. "భయంగా ఉంటే ఇంకొకరికి ఇస్తానమ్మా."

"భయంగానే ఉంది సార్. అయినా నేనే చేస్తా" అని ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. "ఏం తేలినా పైకి పంపేముందు నాకో మాట చెప్పండి. మా మామ్మకి టీవీ కంటే ముందు నేను చెప్పుకోవాలి."

సారు కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, ఆఖరికి సరేనని తలూపాడు. అత్త యంత్రం మీట నొక్కి, మా ఇంటి కింది రాయిని అందులో వేసింది.